పట్టపగలు సైకిల్‌కు లైటెందుకు? సిరొంచ, రాజురా రోడ్ల మీద ఒక లెక్క

క్లుప్తంగా: పగటి పూట సైకిల్ ముందు లైటు వెలిగేది దారి కనబడటానికి కాదు, ఎదురొచ్చేవాడికి సైకిల్ కనబడటానికి. అందుకే డబ్బా మీద పెద్దక్షరాలతో వేసే ల్యూమెన్ల (లైటు వెదజల్లే మొత్తం వెలుగు) అంకె చూసి కొంటే మోసపోతాం. మహారాష్ట్రలోని గడ్చిరోలి, చంద్రపూర్ జిల్లాల్లో ఈ లైటు ఎక్కువగా అక్కరకొచ్చేది రెండు చోట్ల: టేకు చెట్ల నీడలో, బండ్లు ఒకదాన్నొకటి దాటే రెండు వరసల రోడ్డు మీద. మిట్టమధ్యాహ్నం ఎండలో దాని పని చాలా తక్కువ. వెనక ఎర్ర లైటు లేని లోటును ఇది తీర్చదు.

సైగల రోజుల నుంచి

2017 లో కొత్త బైకు కొన్నవాళ్లందరికీ ఒక సంగతి గుర్తుండే ఉంటుంది. ఎదురొచ్చే ప్రతివాడూ చెయ్యెత్తి, వేళ్లు ముడిచి విప్పి, "లైటు వెలుగుతోంది, ఆపుకో" అని సైగ చేసేవాడు. ఆపుదామంటే స్విచ్చే లేదు. ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి తయారయ్యే మోటార్ సైకిళ్లకు, స్కూటర్లకు ఇంజను నడిచినంతసేపూ హెడ్‌లైటు దానంతటదే వెలిగే ఏర్పాటును తప్పనిసరి చేశారు. కొన్నాళ్లకు సైగలు ఆగిపోయాయి. పగటి లైటు మామూలైపోయింది.

ఇందులో సైకిల్‌వాళ్లకు తెలియకుండా జరిగిన నష్టం ఒకటుంది. దూరం నుంచి వచ్చే రెండు చక్రాల బండి అంటే ముందు ఒక చుక్క వెలుగు కనబడాలి అని డ్రైవర్ల కళ్లకు అలవాటైంది. చుక్క కనబడకపోతే ఆ వైపు ఏమీ రావడం లేదనుకునే అవకాశం పెరిగింది. డ్రైవరు చూడక కాదు, చూసినా పట్టకపోవడం ఇది. ప్రమాదం జరిగాక "చూశాను సార్, కానీ కనబడలేదు" అనే మాట చాలాసార్లు అబద్ధం కాదు. కన్ను ఒక చోటి నుంచి ఇంకో చోటికి గెంతుతూ చూస్తుంది, ఆ గెంతుల మధ్య సన్నటి వస్తువు జారిపోతుంది. సైకిల్‌ను మించిన సన్నటి బండి రోడ్డు మీద లేదు.

డైనమో కాలంలో ఈ ప్రశ్నే లేదు. టైరుకు ఆనుకుని తిరిగే ఆ సీసా లాంటి డైనమో ఇచ్చేదే 3 వాట్లు. దాన్ని ఆనించగానే తొక్కుడు బరువెక్కేది, నెమ్మదిస్తే లైటు కొడిగట్టిన దీపంలా అయ్యేది. రాత్రి వెలిగించడానికే బద్ధకించిన దాన్ని పగలు ఎవరు ఆనిస్తారు? ఎల్‌ఈడీ, చిన్న లిథియం బ్యాటరీ వచ్చాకే పగటి లైటు అనే ఆలోచనకు వీలు కుదిరింది.

టేకు నీడ చేసే మాయ

కాళేశ్వరం దగ్గర గోదావరి వంతెన దాటితే సిరొంచ. అక్కడి నుంచి 353సి జాతీయ రహదారి ఉత్తరానికి ఆల్లపల్లి మీదుగా గడ్చిరోలి వైపు పోతుంది. దారిలో చాలా భాగం అడవి, అందులో టేకు ఎక్కువ. పశ్చిమాన రాజురా, బల్లార్‌పూర్ వైపు తీరు వేరు. అక్కడ బొగ్గు గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు, వాటి లారీలు. రెండు చోట్లా ఇళ్లలో తెలుగు వినబడుతుంది, రెండు చోట్లా బడికి, పొలానికి, బజారుకు సైకిల్ మీద పోయేవాళ్లున్నారు. మహారాష్ట్ర ప్రభుత్వం మానవ్ వికాస్ పథకం కింద ఎనిమిది నుంచి పన్నెండో తరగతి దాకా చదివే ఆడపిల్లలకు ఇప్పించే సైకిళ్లు కూడా ఈ రోడ్ల మీదే తిరుగుతాయి.

అడవి రోడ్డు మీద అసలు చిక్కు చీకటి కాదు, మచ్చలు. ఎండలో బయట వెలుగు లక్ష లక్స్ (ఒక చోట పడే వెలుగు కొలత) దాకా ఉంటుంది. దట్టమైన చెట్టు కింద అది ఇరవయ్యో వంతుకో, ఇంకా తక్కువకో పడిపోతుంది. రోడ్డంతా ఒక అడుగు ఎండ, ఒక అడుగు నీడ. డ్రైవరు కన్ను ఎండకు సర్దుకుని ఉంటుంది, అందుకే నీడంతా ఒకే నల్లటి ముద్దలా తోస్తుంది. ఆ ముద్దలో గోధుమరంగు చొక్కానో, ముదురు నీలం స్కూల్ డ్రెస్సో కలిసిపోతే విడదీయడం కష్టం. కన్ను నీడకు అలవాటు పడటానికి కొన్ని సెకన్లు పడుతుంది. గంటకు 70 కిలోమీటర్ల వేగంతో పోయే బండికి ఐదు సెకన్లంటే దాదాపు వంద మీటర్లు. అద్దం మీద దుమ్ముంటే, సన్‌ఫిల్మ్ ఉంటే పరిస్థితి ఇంకా అధ్వానం.

లైటు గట్టిగా పనిచేసేది ఇక్కడే. వెనక ఉన్న నీడ వెలుగు ఎంత తక్కువైతే ఎదుటి లైటు అంత తేటగా కనబడుతుంది. తెల్లటి సిమెంటు రోడ్డు మీద ఎండలో ఆనవాలు కూడా దొరకని చిన్న లైటు, టేకు నీడలోకి రాగానే సూది మొనలా కంటికి గుచ్చుకుంటుంది.

ఏ నెలలో ఎంత లాభమో టేకే చెబుతుంది. ఎండాకాలం వచ్చేసరికి టేకు ఆకు రాలుస్తుంది. తునికాకు కోసే రోజుల్లో అడవి సగం బోడి, రోడ్డు మీద నీడే ఉండదు, సైకిల్ బట్టబయలుగా కనబడుతుంది. వానలు పడి ఆకులొచ్చాక, అంటే బళ్లు తెరిచినప్పటి నుంచి చలికాలం దాకా నీడ మచ్చలు దట్టం. పిల్లలు సైకిళ్ల మీద తిరిగే నెలలూ ఇవే.

ఇన్నూరు మీటర్ల లెక్క

ఈ రోడ్లు ఎక్కువగా రెండు వరసలవి, మధ్యలో డివైడర్ ఉండదు. ఎదురుగా వచ్చే లారీని వెనక జీపు దాటబోతుంది. జీపు మన వరసలోకి వస్తుంది. సైకిల్‌వాడికి ముందు నుంచి వచ్చే ముప్పుల్లో పెద్దది ఇదే, ముందు లైటు సూటిగా ఆపగలిగేదీ దీన్నే.

లారీ వేగం 45 అనుకుందాం, జీపుది 70. తేడా 25 కిలోమీటర్లు, అంటే సెకనుకు దాదాపు 7 మీటర్లు. లారీ పొడవు, ముందూ వెనకా వదలాల్సిన ఖాళీ కలిపి జీపు 45 మీటర్లు ఎక్కువగా నడవాలి. దానికి ఆరున్నర సెకన్లు. ఆలోగా జీపు 126 మీటర్లు ముందుకొస్తుంది, 15 కిలోమీటర్ల వేగంతో తొక్కే సైకిల్ 27 మీటర్లు వస్తుంది. దాటాలా వద్దా అని డ్రైవరు తేల్చుకోవడానికి రెండు సెకన్లు వేసుకుంటే ఇంకో 47 మీటర్లు. మొత్తం 200 మీటర్లు. జీపు బయటికి రాకముందే, ఇన్నూరు మీటర్ల అవతల సైకిల్ ఉందని డ్రైవరుకు తెలియాలన్న మాట.

అంత దూరం నుంచి సైకిల్ ఎంత ఉంటుంది? హ్యాండిల్ వెడల్పు 60 సెంటీమీటర్లు అనుకుంటే, ఇన్నూరు మీటర్ల నుంచి అది ఆకాశంలో చందమామ వెడల్పులో మూడో వంతు. సన్నటి బండి అసలు దూరం కంటే ఎక్కువ దూరంలో ఉన్నట్టు తోచడం ఇంకో తిప్పలు. లైటు ఈ రెండో తిప్పలను పెద్దగా తీర్చదు. ఒకే చుక్క వెలుగును బట్టి దూరం అంచనా కట్టలేం. కానీ "అక్కడ ఏదో ఉంది" అన్న కబురైతే అందుతుంది, చాలామంది డ్రైవర్లు వెనక్కి తగ్గడానికి అది చాలు.

డబ్బా మీద ల్యూమెన్లు, కంటికి క్యాండెలాలు

అంగట్లో లైటు అడిగితే ముందు చెప్పేది ల్యూమెన్లే. "ఇది 400, అది 1000." ల్యూమెన్ అంటే లైటు అన్ని వైపులా కలిపి వెదజల్లే మొత్తం వెలుగు. ఎదురొచ్చే డ్రైవరుకు మాత్రం తన కంటి వైపు వచ్చిన వెలుగే లెక్క. ఒక వైపుకు ఎంత గట్టిగా విసురుతుందో చెప్పే కొలత క్యాండెలా.

ఈ రెంటికీ తేడా ఎంత పెద్దదో చూడండి. 100 ల్యూమెన్ల లైటు తన వెలుగంతా 20 డిగ్రీల ఇరుకు గరాటులోకి విసిరితే దాదాపు 1,000 క్యాండెలాలు వస్తాయి. అదే 100 ల్యూమెన్లను 60 డిగ్రీల వెడల్పుకు పరిస్తే 120 మిగులుతాయి. మొత్తం వెలుగు అంతే, ఎదుటివాడి కంటికి చేరేదాంట్లో ఎనిమిది రెట్లకు పైగా తేడా. బట్ట మీద నీళ్లు చల్లినట్టు వెలుగు పరిచే వెడల్పాటి లైటు, రాత్రి కాలిబాట చూడటానికి బాగానే ఉంటుంది. పగలు ఇన్నూరు మీటర్లకు దాని నుంచి ఏమీ మిగలదు. దూరం రెట్టింపైతే కంటికి చేరే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది కాబట్టి.

మరి ఎంత ఉంటే చాలు? సైకిళ్ల కోసం మన దగ్గర పగటి లైటు కొలత లేదు కాబట్టి పక్క లెక్కలు చూడాలి. కార్ల పగటి లైట్లకు ఐక్యరాజ్యసమితి వాహన నియమాల్లో కనీసం 400, గరిష్ఠం 1,200 క్యాండెలాలు పెట్టారు. యూరప్‌లో కొత్త మోడళ్ల కార్లకు ఈ లైట్లు 2011 నుంచి తప్పనిసరి. జర్మనీలో సైకిల్ హెడ్‌లైటుకు 10 మీటర్ల దూరంలో కనీసం 10 లక్స్ ఉండాలన్న నిబంధన ఉంది, లెక్కవేస్తే అది 1,000 క్యాండెలాలు. అంటే పగటికి పనికొచ్చే సైకిల్ లైటు 400 కు తగ్గకూడదు అనుకోవడం సబబే.

ఆ అంకె డబ్బా మీద దొరకడం అరుదు. ఇంట్లోనే మోటుగా కొలవవచ్చు. చీకటి గదిలో లైటును ఆగకుండా వెలిగే మోడ్‌లో పెట్టి, సరిగ్గా 2 మీటర్ల దూరంలో ఫోన్ ముందు వైపు దాని కేసి తిప్పి, వెలుగు కొలిచే యాప్‌లో అంకె చూడాలి. దాన్ని నాలుగుతో హెచ్చిస్తే క్యాండెలాలు. 100 లక్స్ చూపిస్తే 400. ఫోన్ సెన్సార్ ఖచ్చితమైనది కాదు, అయినా రెండు లైట్లలో ఏది మేలో తేల్చడానికి సరిపోతుంది. హ్యాండిల్‌కు రబ్బరులా చుట్టే రెండు గింజల చవక లైట్లను ఇలా కొలిస్తే నిజం బయటపడుతుంది. అవి రాత్రి గుర్తుకు పనికొస్తాయి, పగలు అలంకారం.

జర్మన్ తరహా లైట్లలో ఒక మెలిక ఉంది. ఎదుటివాడి కళ్లు చెదరకుండా వెలుగు పై భాగాన్ని కత్తిరించినట్టు ఆపేస్తాయి. రాత్రికి అది మర్యాద. పగలు అదే లోపం, ఎందుకంటే డ్రైవరు కళ్లు ఉండేది ఆ గీతకు పైనే. లారీ డ్రైవరు కన్ను సైకిల్ లైటు కంటే మీటరున్నర దాకా ఎత్తులో ఉంటుంది. అందుకే వాటిలో కొన్నిటికి పగటి కోసం వేరే చిన్న ఎల్‌ఈడీలు పెడతారు.

మిణకాలా, నిలకడగా వెలగాలా

పగటి పూట మిణకడానికే మొగ్గు. కంటి చివర్లో పడ్డ కదలికను మనిషి చటుక్కున పట్టేస్తాడు. బైకులన్నీ నిలకడగా వెలుగుతున్న రోడ్డు మీద మిణుకుమనే లైటు వేరుగా తెలుస్తుంది కూడా. బ్యాటరీ లెక్క కూడా దీని వైపే ఉంది. 2,000 ఎంఏహెచ్, 3.7 వోల్టుల బ్యాటరీలో ఉండేది 7.4 వాట్‌అవర్లు. 2 వాట్ల లైటు నిలకడగా వెలిగితే మూడున్నర గంటలు. పదో వంతు సేపే వెలిగే మెరుపులైతే వారం రోజుల బడి ప్రయాణానికి సరిపోవచ్చు.

సెకనుకు ఒకటి రెండు మెరుపులు చాలు. మూడు దాటి టపటపా కొట్టుకునేవి మూర్ఛ వ్యాధి ఉన్న కొందరికి ప్రమాదం, మిగిలినవాళ్లకు చిరాకు. పొద్దు గూకాక మాత్రం నిలకడ మోడ్‌కు మార్చాలి. చీకట్లో మిణుకు లైటు వెలిగి ఆరే మధ్యలో బండి ఎక్కడికి కదిలిందో తెలియదు, దూరం అసలే తెలియదు. జర్మనీలో మిణికే హెడ్‌లైటుకు అనుమతే లేదు.

బుట్ట వెనక దాక్కున్న లైటు

బజారులో దొరికే లైట్లన్నీ హ్యాండిల్‌కు బిగించడానికే చేస్తారు. ఈ ప్రాంతపు సైకిల్ ముందు భాగం ఎలా ఉంటుందో వాళ్లకు తెలియదు. ఆడపిల్లల సైకిల్‌కు ముందు బుట్ట, బుట్టలో పుస్తకాల బ్యాగు, దాని మీద టిఫిన్ డబ్బా. మగవాళ్ల సైకిలైతే హ్యాండిల్‌కు రెండు వైపులా వేలాడే సంచులు, ఒక్కోసారి పాల క్యాన్. హ్యాండిల్ మధ్యలో బిగించిన వెయ్యి క్యాండెలాల లైటు బ్యాగు వీపుకు వెలుగునిస్తూ ఉంటుంది. తొక్కేవాళ్లకు ఆ వెలుగు మెరుపు కనబడుతుంది కాబట్టి లైటు పని చేస్తోందనే అనుకుంటారు.

బుట్ట ఉన్న సైకిల్‌కు లైటు బుట్ట ముందు అంచుకో, ముందు ఫోర్కుకో, మడ్‌గార్డు మీదో ఉండాలి. చాలా క్లిప్పులు బుట్ట సన్నటి తీగకు పట్టవు. పాత ట్యూబు ముక్క నాలుగు చుట్లు చుట్టి మందం చేసి బిగిస్తే నిలుస్తుంది. పగలు లైటు మొహం నేలకు వంగకుండా సూటిగా ముందుకు ఉండాలి. ఇరుకు గరాటు లైటు రెండు వేళ్లు కిందికి వంగినా ఇన్నూరు మీటర్ల అవతలి డ్రైవరుకు అందదు. రాత్రి అదే లైటును కాస్త వంచకపోతే తిట్లు తప్పవు. గుంతల్లో పడి లేచే రోడ్డు మీద రోజుకోసారి వంపు సరిచూడక తప్పదు.

ఎండ, వాన, బొగ్గు

చంద్రపూర్ దేశంలో అతి వేడి ఊళ్లలో ఒకటి. లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జ్ చేయకూడదు, అంటే మే నెలలో రేకుల ఇంట్లో మధ్యాహ్నం పూట ఛార్జింగ్ వద్దు. ఎండలో నిలబెట్టిన సైకిల్ నుంచి లైటు తీసి సంచిలో వేసుకోవడం మేలు, దొంగల నుంచి కూడా. వానకు, నీటిని ఎంత తట్టుకుంటుందో చెప్పే గుర్తు ఐపీఎక్స్4 అని ఉంటే చినుకులను తట్టుకుంటుంది, ఐపీఎక్స్6 ఉంటే జడివానకూ భయం లేదు. ఛార్జింగ్ పిన్ను మీద ఉండే రబ్బరు మూత ఊడిపోతే ఆ అంకెలన్నీ వృథా. ఇక బల్లార్‌పూర్ వైపు లైటు గాజు మీద రెండు రోజుల్లోనే నల్లటి పొర కడుతుంది. చొక్కా చివరతో తుడవడమే దానికి మందు.

డెన్మార్క్‌లో తేలింది ఏమిటి

పగటి లైటు నిజంగా ప్రమాదాలు తగ్గిస్తుందా అన్నదానికి ఎక్కువగా చెప్పే ఆధారం డెన్మార్క్‌లోని ఓడెన్స ఊరిది. 2004-05 లో అక్కడ 3,845 మంది సైకిల్‌వాళ్లను తీసుకుని, దాదాపు సగం మందికి ఎప్పుడూ వెలిగే లైట్లు బిగించారు. చక్రానికి కట్టిన అయస్కాంతాలతో వెలిగేవి, బ్యాటరీ లేదు, స్విచ్ లేదు. ఏడాది తర్వాత చూస్తే గాయాలైన ప్రమాదాలు లైట్లున్నవాళ్లలో 19 శాతం తక్కువ.

ఈ అంకెను యథాతథంగా ఇక్కడికి తెచ్చుకోలేం. లైటు ఉన్న సంగతి అందులో ఉన్నవాళ్లకు తెలుసు, ప్రమాదాల వివరాలూ వాళ్లు చెప్పినవే. ఆ లైట్లు ముందూ వెనకా రెండు వైపులా ఉన్నవి, ముందు లైటు వంతు ఎంతో విడిగా తెలియదు. ఓడెన్స 55 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, చలికాలంలో సూర్యుడు అక్కడ నడినెత్తికి రావడం అటుంచి చెట్ల పైకే సరిగా లేవడు. సిరొంచ 19 డిగ్రీల లోపే. వెలుగు తక్కువ ఉన్న చోట లైటుకు లాభం ఎక్కువ. అయినా ఆ ప్రయోగం నుంచి తీసుకోదగిన మాట ఒకటుంది: అవి గొప్ప వెలుగున్న లైట్లు కావు, కానీ ఎప్పుడూ వెలిగేవి. ఛార్జింగ్ మర్చిపోయి ఇంట్లో వదిలేసిన పదిహేను వందల రూపాయల లైటు కంటే అవే నయం.

అదే దేశంలో ఆ తర్వాత 6,793 మందితో మెరిసే పసుపు జాకెట్ల మీద ప్రయోగం చేశారు. ఇతర బండ్లతోనో మనుషులతోనో గుద్దుకుని గాయపడ్డ ప్రమాదాలు జాకెట్ వేసుకున్నవాళ్లలో 38 శాతం తక్కువని తేల్చారు. ఫ్లోరసెంట్ రంగు ఎండలోని కంటికి కనబడని కిరణాలను కనబడే వెలుగుగా మార్చి విసురుతుంది. కాబట్టి లైటు తేలిపోయే పట్టపగటి ఎండలోనే అది బాగా పనిచేస్తుంది, బ్యాటరీ అడగదు. లైటు చేతగాని చోట బట్ట, బట్ట చేతగాని నీడలో లైటు. సైకిల్‌తో వచ్చే రిఫ్లెక్టర్లు మాత్రం పగలు ఈ లెక్కలో లేనట్టే, బండి లైటు పడితేనే అవి మెరుస్తాయి.

లైటు చేయలేనివి

పొద్దున, సాయంత్రం సూర్యుడు కిందికి ఉన్నప్పుడు ఒక గుర్తు పెట్టుకోవచ్చు. తొక్కేవాడి నీడ తన ముందుకు పొడుగ్గా పడుతుంటే, ఎదురొచ్చే డ్రైవరు కళ్లలోకి ఎండ సూటిగా కొడుతోందని అర్థం. అప్పుడు సైకిల్ లైటు సూర్యుడితో పోటీ పడుతుంది. ఓడిపోతుంది. ఆ పది పదిహేను నిమిషాలు రోడ్డు అంచుకు జరగడం తప్ప ఏ క్యాండెలా కాపాడదు.

వెనక నుంచి గుద్దే బండికి ముందు లైటు కనబడదు. ఊళ్ల మధ్య రోడ్డు మీద వేగంగా వచ్చే లారీ ఎక్కువసార్లు దాటేది వెనక నుంచే. చేతిలో డబ్బులు ఒక్క లైటుకే ఉంటే మొదట కొనాల్సింది వెనక ఎర్ర లైటు. ఆ తర్వాత పసుపు చొక్కా, ముందు లైటు మూడోది. అడవి రోడ్డు మీద రోజూ తిరిగేవాళ్లకు ముందు లైటు రెండో స్థానానికి వస్తుంది.

కొన్నాక పరీక్షకు రోడ్డే చాలు. జాతీయ రహదారి మీద కిలోమీటరు రాళ్ల మధ్య 2, 4, 6, 8 అని రాసి చిన్న రాళ్లుంటాయి. ఒక రాయికీ ఇంకో రాయికీ మధ్య 200 మీటర్లు. ఒకరు సైకిల్ పట్టుకుని, బుట్టలో బ్యాగు పెట్టి మరీ, నీడలో ఉన్న రాయి దగ్గర నిలబడాలి. ఇంకొకరు పక్క రాయి దగ్గర ఎండలో ఒక నిమిషం నిలబడి, కళ్లు ఎండకు సర్దుకున్నాక, తలెత్తి చూడాలి. మనిషి కంటే ముందు లైటు కంట పడితే సరే. వెతికితే గానీ దొరకలేదంటే లైటు వంపు సరిచేసి ఇంకోసారి చూడాలి. అప్పటికీ దొరక్కపోతే బిల్లు చింపకుండా దాచుకున్నవాళ్లు అంగడికి పోవచ్చు.